ఫార్మాట్ కొట్టకండి, ముందు నాయన గారి హరికథలు బయటికి తీయండి

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. నేను రిటైరైన టీచర్ని. ఇంట్లో 2017లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, 1 టీబీ హార్డ్ డిస్క్. కొన్నాళ్లుగా ఆన్ కావడానికి చాలాసేపు పడుతోంది. డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిస్తే హ్యాంగ్ అయిపోతోంది. అప్పుడప్పుడు లోపల టిక్కు టిక్కుమని శబ్దం. మొన్న డీ డ్రైవ్ మీద నొక్కితే ఫార్మాట్ చేయాలని అడిగింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా తెరుచుకుంది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే సరిపోతుందన్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి చెక్‌డిస్క్ పెట్టమంటున్నాడు. మా నాయన ఊళ్లో భారతం ఉత్సవాలు జరిగేటప్పుడు హరికథ చెప్పేవారు. ఒక ఏడాది 18 రోజుల కథనూ క్యాసెట్లలో పట్టాం. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాక, బూజు పట్టాయని క్యాసెట్లు పారేశాం. ఇప్పుడు అవి డీ డ్రైవ్‌లో ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఎఫ్ డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టాను కాబట్టి భయం లేదనుకుంటున్నాను. ఫార్మాట్ చేయించాలా, చెక్‌డిస్క్ పెట్టాలా?

సమాధానం:

అమ్మా, ఇది చదివేటప్పటికి కంప్యూటర్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆపేయండి. షట్‌డౌన్ కాకుండా మొరాయిస్తుంటే పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి, ఆగిపోతుంది. తర్వాత స్విచ్ బోర్డు దగ్గర కూడా ఆపేయండి. ఈ లోపు ఒక్కసారి చూద్దామని మళ్లీ ఆన్ చేయకండి. మీరడిగిన రెండింటిలో ఇప్పుడు ఏదీ చేయకూడదు. డిస్క్ బాగుచేయడం ఆలోచించాల్సిన విషయమే కాదు. కొత్త డిస్క్ బజార్లో దొరుకుతుంది. నాయన గారి గొంతు దొరకదు. కాబట్టి మొదట డేటా బయటికి రావాలి, మిగతాదంతా ఆ తర్వాతే.

మీకు భయం లేదనిపించిన చోటే నాకు భయం వేసింది. డీ డ్రైవ్, ఎఫ్ డ్రైవ్ రెండు డిస్కులు కావు. మీ ఇంట్లో ఉన్నది 1 టీబీ డిస్క్ ఒక్కటే. కంప్యూటర్ అమర్చిన రోజున షాపువాళ్లు దాన్నే భాగాలు చేసి సీ, డీ, ఎఫ్ అని పేర్లు పెట్టి ఉంటారు. ఒకే ఇంట్లో రెండు గదుల్లో నగలు దాచినట్టు అది. ఇల్లే కూలితే ఏ గదిలో పెట్టినా ఒకటే. మన వైపు ఎన్నో ఇళ్లలో ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో పడేసి నిశ్చింతగా ఉంటారు. విండోస్ పాడై సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినప్పుడు డీ డ్రైవ్ మిగులుతుంది, అందుకే ఆ నమ్మకం బలపడింది. డిస్కే పోతే ఆ నమ్మకం ఏ పనికీ రాదు. మీ ఎఫ్ కాపీ వల్ల చిన్న లాభం మాత్రం ఉంది: డీలో చదవలేకపోయిన ఫైలు, డిస్క్‌లో వేరే చోట ఉన్న ఎఫ్ కాపీలో బాగుండవచ్చు. అది తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఆన్ చేయవద్దని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, హార్డ్ డిస్క్ లోపల నునుపైన పళ్లేలు తిరుగుతుంటాయి, డెస్క్‌టాప్ డిస్కుల్లో ఎక్కువగా నిమిషానికి 7200 సార్లు. వాటి మీది రాతను చదివే హెడ్‌లు పళ్లేనికి తగలకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో, ఆ తిరుగుడుకు పుట్టిన గాలి మీద తేలుతూ ఉంటాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 వేల నానోమీటర్లు. అంత సన్నని సందులో హెడ్ కాస్త దెబ్బతిన్నా, పళ్లేనికి గీత పడవచ్చు. గీత పడ్డ చోట డేటాను ఎవరూ తిరిగి తేలేరు. రాలిన పొడి మిగతా చోట్ల కూడా గీతలు పెడుతుంది. మీరు వింటున్న టిక్కు టిక్కు చాలాసార్లు హెడ్ తన దారి వెతుక్కోలేక, వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే శబ్దం. అలాంటి డిస్క్ తిరిగే ప్రతి నిమిషమూ మనకు విలువైనదే, ఆ నిమిషాలను విండోస్ లోడ్ కావడానికి ఖర్చు చేయకూడదు.

ఇప్పుడు ఫార్మాట్ సంగతి. డీ డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉన్న పట్టికను విండోస్ చదవలేకపోయినప్పుడు ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. మీ ఫైళ్లు పోయాయని దాని అర్థం కాదు. క్యాన్సిల్ నొక్కడమే సరైన జవాబు. మీరు ఫార్మాట్ నొక్కలేదు కాబట్టే ఇంకా ఆశ ఉంది. క్విక్ ఫార్మాట్ అయితే పట్టికను కొత్తగా రాస్తుంది, ఫైళ్లు చాలావరకు అడుగున ఉంటాయి, కానీ వాటి మీద విండోస్ ఎక్కిస్తే ఎక్కించిన మేరకు చెరిగిపోతాయి. ఫుల్ ఫార్మాట్ అయితే, విండోస్ విస్టా నుంచి, ఆ డ్రైవ్ మొత్తం మీద సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కు తీసుకెళ్లినా ఏమీ రాదు. షాపులో కుర్రాళ్లు చెడ్డ ఉద్దేశంతో చెప్పి ఉండరు. వాళ్ల దగ్గరికి వచ్చే పది సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి విండోస్ సమస్యే ఉంటుంది, ఫార్మాట్ కొడితే నెమ్మది తగ్గుతుంది. కానీ శబ్దం చేసే డిస్క్‌కు ఆ మందు పడదు.

చెక్‌డిస్క్ గురించి మీ అబ్బాయికి ఇది చదివి వినిపించండి. అది ఫైళ్లను కాపాడే పనిముట్టు కాదు, పట్టికలో పొంతన కుదిర్చే పనిముట్టు. పొంతన కుదరని ఫైలును ముక్కలు చేసి వేరే ఫోల్డర్‌లో పడేయడానికి అది వెనకాడదు. పైగా ఆర్ అనే ఆప్షన్‌తో నడిపితే డిస్క్‌లోని ప్రతి సెక్టార్‌నూ, అంటే రాత ఉండే ప్రతి చిన్న గడినీ, చదివి చూస్తుంది. బాగున్న 1 టీబీ డిస్క్‌కే అది గంటల పని. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను, ఒక్క ఫైలు కూడా బయటికి తీయకుండా, రాత్రంతా తిప్పడం అది. ఒక్కోసారి ఆన్ చేయగానే విండోస్ తానే చెక్‌డిస్క్ మొదలుపెట్టబోతుంది. అప్పుడు స్క్రీన్ మీద కొన్ని సెకన్ల లెక్క కనబడుతుంది, ఆ లోపు కీబోర్డులో ఏదో ఒక మీట నొక్కితే ఆగిపోతుంది.

మీ అబ్బాయి శని, ఆదివారాల్లో రాగలిగితే మంచిది. వచ్చేటప్పుడు 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన 16 జీబీ పెన్‌డ్రైవ్, ఇంకో ఖాళీ పెన్‌డ్రైవ్, డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే కొత్త సాటా కేబుల్ ఒకటి తెమ్మనండి. కేబుల్ ఎందుకంటే, పాత కంప్యూటర్లలో లోపం అప్పుడప్పుడు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. ప్లగ్ పూర్తిగా పీకేసి, సీపీయూ డబ్బా పక్క మూత తీసి, డిస్క్‌కు వెళ్లే సన్నటి డేటా కేబుల్ మార్చి, మదర్‌బోర్డులో వేరే సాకెట్‌కు పెట్టి, పవర్ ఇచ్చే పిన్ కూడా వేరేది తగిలించాలి. పవర్ సరిగా అందకపోయినా డిస్క్ టిక్కుమంటూ ఆగి ఆగి తిరుగుతుంది. ఖర్చు తక్కువ, డేటాకు ప్రమాదం లేదు, అందుకే ఇది మొదటి పని.

తర్వాత విండోస్‌లోకి వెళ్లకుండా పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటుతో ఆన్ చేయాలి. ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8 లలో మీ బోర్డుకు సరిపడేది నొక్కితే దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. ఉబుంటు వచ్చాక ఇన్‌స్టాల్ అనకుండా ట్రై అనే దాన్ని ఎంచుకోవాలి. అప్పుడు ఉబుంటు మీ డిస్క్ మీదికి ఎక్కకుండానే పని జరుగుతుంది. అందులో డిస్క్స్ అనే ప్రోగ్రాం ఉంటుంది, దానిలో స్మార్ట్ డేటా అనే చోట డిస్క్ తన గురించి తాను రాసుకున్న లెక్కలు కనబడతాయి. ఇవే లెక్కలు విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో కూడా చూడొచ్చు. అక్కడ 05, సీ5, సీ6, సీ7 అని కనిపించేవి ఉబుంటులో 5, 197, 198, 199 అని ఉంటాయి. 5 అంటే చెడిపోయిన సెక్టార్ల బదులు డిస్క్ తన దగ్గరున్న అదనపు సెక్టార్లను వాడుకున్న లెక్క. 197 అంటే చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక పక్కన పెట్టినవి. 198 ఇక చదవడం కుదరదని తేలినవి. ఈ మూడూ సున్నాలుగా ఉండి 199 ఒక్కటే పెరిగి ఉంటే కేబుల్‌నే అనుమానించాలి, మీ అదృష్టం బాగున్నట్టు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి 197లో అంకె ఉంటుందనే అనుకుంటున్నాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఆ అంకెలు మామూలుగా పదహారు ఆధారం లెక్కలో కనిపిస్తాయి, అక్కడ 18 అని ఉంటే 24 అని అర్థం.

ఆ పేజీ చూడటానికి అర నిమిషం చాలు, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అక్కడున్న సెల్ఫ్ టెస్ట్ మాత్రం నడపకండి, అదీ డిస్క్‌ను తిప్పేదే. లెక్కలన్నీ బాగున్నాయని కనిపించినా పని ఆపకండి. గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా ముందుగా ఈ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదని అందులో తేలింది. హెచ్చరిక ఇచ్చినవి మాత్రం నిజంగానే ప్రమాదంలో ఉన్నాయి: తనను తాను తనిఖీ చేసుకుంటూ మొదటి తప్పు బయటపెట్టిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, తప్పు లేని డిస్క్ కంటే 39 రెట్లు.

ఇక కాపీ. ఇక్కడే చాలామంది డీ డ్రైవ్ మొత్తాన్ని ఎంచుకుని కాపీ కొడతారు. కంప్యూటర్ సినిమాల ఫోల్డర్‌తో మొదలుపెట్టి, నాయన గారి ఫోల్డర్ దాకా వచ్చేలోపే డిస్క్ చేతులెత్తేస్తుంది. విలువను బట్టి వరుస పెట్టాలి. మీ హరికథల పరిమాణం ఎంత ఉంటుందో చూద్దాం. క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఎంపీ3లు 128 కేబీపీఎస్ నాణ్యతలో ఉంటే గంటకు 58 ఎంబీ దాకా అవుతుంది. 18 రోజులు, రోజుకు మూడు గంటల కథ అనుకున్నా 54 గంటలు, మొత్తం 3 జీబీ కాస్త పైన. ఆదివంశం దగ్గర నుంచి దుర్యోధన వధ దాకా చెప్పిన కథంతా చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. డిస్క్ సహకరిస్తే కొన్ని నిమిషాల పని. అందుకే ఆ ఒక్క ఫోల్డర్ తెరిచి, ముందు ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి కాకుండా ఒక్కో రోజు కథను విడిగా. ఏదైనా ఫైలు దగ్గర ఐదు నిమిషాలైనా కదలకపోతే ఆపేసి తర్వాతి దానికి వెళ్లాలి, దాని పేరు కాగితం మీద రాసుకోవాలి. ఆ పేరుతోనే ఎఫ్ డ్రైవ్‌లో ప్రయత్నించాలి. అవి అయ్యాక ఇంటి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు, పెన్షన్ కాగితాలు. సినిమాలు, పాటలు వదిలేయండి.

ఉబుంటు ఆ డ్రైవ్ తెరవనని మొరాయిస్తే బలవంతంగా రిపేర్ చేయించొద్దు. అప్పుడు, లేదా చాలా ఫైళ్లు ఆగిపోతుంటే, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం వాడాలి. ఇది ఫైళ్ల జోలికి పోకుండా డిస్క్ మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక పెద్ద ఫైలుగా దించుతుంది. మొదట తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ చదివేసి, ఇబ్బంది పెట్టిన చోట్లకు తర్వాత వెనక్కి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కిందని మనమే ఆపినా, మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ తర్వాత ఫైళ్లను వెతికే పనంతా ఆ ప్రతి మీదే జరుగుతుంది, అసలు డిస్క్‌ను ఇక ముట్టుకోనక్కరలేదు. ఒక్క హెచ్చరిక: దీనికి ఎక్కడి నుంచి ఎక్కడికి అని రెండు పేర్లు ఇవ్వాలి. అవి తారుమారైతే మీ పాత డిస్క్ మీదే రాత పడే ప్రమాదం ఉంది. ఎంటర్ కొట్టే ముందు రెండు డిస్కుల మోడల్, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసి ఇద్దరూ సరిచూడండి. మీ అబ్బాయికి ఈ పని అలవాటు లేకపోతే తెలిసినవాళ్లతో చేయించడం మేలు.

ఇదంతా డిస్క్ ఇంకా కనబడుతున్నప్పటి మాట. శబ్దం ఆగకుండా వస్తున్నా, గరగరమని గీసుకున్నట్టు వినిపించినా, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్ పేరే కనబడకపోయినా ఇంట్లో ప్రయత్నాలు చాలించండి. ఫ్రిజ్‌లో పెట్టమని, మెల్లగా తట్టమని చెప్పేవాళ్లు ఉంటారు. ఫ్రిజ్ నుంచి తీయగానే లోపల తేమ చేరుతుంది, తడితే హెడ్ పళ్లేన్ని తాకవచ్చు. మూత విప్పి చూస్తామనే మెకానిక్‌కు అసలు ఇవ్వకండి, దుమ్ము రేణువు హెడ్ తేలే సందు కంటే ఎన్నో రెట్లు పెద్దది. అలాంటి డిస్క్‌ను క్లీన్ రూం, అంటే దుమ్ము చేరని గది, ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌లోనే తెరవాలి. మీకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటులోనే ఉన్నాయి. ఇచ్చే ముందు అడగాల్సినవి: చూడటానికి ఎంత తీసుకుంటారు, డేటా రాకపోతే డబ్బు కట్టాలా, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసిస్తారా, మా అనుమతి లేకుండా విప్పరు కదా. కావలసింది ఫలానా ఫోల్డర్ అని దాని పేరు రాసివ్వండి. డిస్క్‌ను మెత్తటి గుడ్డలోనో బబుల్ కవర్లోనో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి, డిక్కీలో వేయకండి.

మీ ఇంటి కరెంటు గురించి కూడా ఒక మాట. సీపీయూ డబ్బాను ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జివ్వుమంటోందా? అంటే ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి, ఇది మనుషుల భద్రతకు సంబంధించింది కూడా. యూపీఎస్ బ్యాటరీ మార్చి రెండు మూడేళ్లు దాటితే అది పేరుకే ఉంటుంది. ఎండాకాలం గాలివానకు కరెంటు టపటపా పోయి వచ్చేటప్పుడు డిస్క్ రాతలో ఉంటే పట్టిక దెబ్బతింటుంది. డబ్బాను మూసిన టేబుల్ అరలో పెట్టి ఉంటే బయటికి తీయండి. డిస్కులకు కంపెనీలు మామూలుగా పెట్టే హద్దు 60 డిగ్రీలు, మన మే నెలలో గాలాడని అరలో దాని దగ్గరికి చేరడం కష్టం కాదు.

డేటా బయటికి వచ్చాక కంప్యూటర్ సంగతి తేలికే. పాత డిస్క్ తీసేసి, తిరిగే పళ్లేలు లేని కొత్త రకం డిస్క్, చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించి దాని మీద విండోస్ ఎక్కించుకోండి, వేగం మీకే తెలుస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2017 నాటి చాలా కంప్యూటర్లు విండోస్ 11 షరతులకు సరిపోవు, కాబట్టి ఆ పని చేయించే ముందు అడిగి తెలుసుకోండి. ఎస్‌ఎస్‌డీలో హరికథల ఏకైక ప్రతి మాత్రం ఉంచొద్దు. అది పోయేటప్పుడు టిక్కుమని కూడా అనదు, ఒక ఉదయం కనబడదంతే. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడేస్తే దానిలో డేటా చెదిరే అవకాశం కూడా ఉంది.

హరికథలు మూడు చోట్ల ఉండాలి. ఒకటి మీ ఎక్స్‌టర్నల్ డిస్క్, కాపీ అయ్యాక కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో. ఒకటి బెంగళూరులో అబ్బాయి దగ్గర. ఒకటి ఇంటర్నెట్‌లో, గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీలో మీ 3 జీబీ హాయిగా పడుతుంది. మీకు అభ్యంతరం లేకపోతే మీ ఊరి భారతం కమిటీవాళ్లకు కూడా ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వండి. ఆ కథ విన్న ఊరికి అది ఉండటం న్యాయం. మీ ఇంట్లో ఏం జరిగినా అక్కడ ఒకటి మిగులుతుంది కూడా.

కాపీ అయిపోయిందని కంప్యూటర్ చెప్పినంత మాత్రాన నమ్మకండి. చెడ్డ సెక్టార్ మీది ఫైలు పేరు, సైజు సరిగ్గానే కనబడి, మధ్యలో నిశ్శబ్దంగానో గరగరగానో ఉండొచ్చు. ఒక్కో రోజు కథనూ తెరిచి మొదట, నడుమ, చివర కాసేపు వినండి. తేడా ఉన్నవాటి పేర్లు రాసి ఎఫ్ డ్రైవ్ కాపీతో సరిచూడండి. ఇదంతా పూర్తయ్యేదాకా పాత డిస్క్‌ను ఎవరికీ ఇవ్వకండి, పారేయకండి. పూర్తయ్యాక కూడా పేరు, తేదీ రాసిన చీటీ అంటించి పక్కన పెట్టండి. విన్నప్పుడు ఏదైనా రోజు కథ తెగిపోయి ఉంటే ఆ ఫైలు పేరు, స్మార్ట్ పేజీ ఫొటోతో మళ్లీ రాయండి, దానికి ఏం చేయాలో చెబుతాను.